డేగల కొండకు కాపలా పెట్టిన మనిషి

మీలో ఎవరైనా బీర్ బిల్లింగ్ వెళ్ళి పారాగ్లైడింగ్ చేసి ఉంటే ఒక విషయం గమనించే ఉంటారు. పైలట్ చేతి దగ్గర వేరియోమీటర్ ఉంటుంది, కానీ అతని కళ్ళు రాబందుల మీద ఉంటాయి. అవి రెక్క ఆడించకుండా గుండ్రంగా తిరుగుతూ ఎక్కడ పైకి పోతున్నాయో అక్కడ థర్మల్ ఉన్నట్టే. మనం పోయి అదే గాలిలో దూరతాం. అవి పెద్దగా పట్టించుకోవు. ఆ కాసేపు మనకీ వాటికీ తేడా లేదనిపిస్తుంది.

అయితే ఇదే ఆటకి ఒక నియమం ఉంది. వేటపక్షులు గూళ్ళు పెట్టే కాలంలో, వాటి గూడు ఉన్న కొండచరియ దగ్గరికి పోకూడదు. ఆల్ప్స్‌లో పైలట్ల సంఘాలు దీన్ని మ్యాపుల మీద గీసి మరీ చెప్తాయి. అమెరికాలో బాల్డ్ ఈగిల్ గూటికి 1,000 అడుగుల లోపు విమానాలేవీ రావద్దని అక్కడి వన్యప్రాణి శాఖ 2007లో రాసిపెట్టింది. గద్ద గూడు కోసం మనిషి దారి మార్చుకోవాలనే ఆలోచన ఎక్కడ మొదలైందా అని వెనక్కి చదువుకుంటూ పోతే నాకు న్యూయార్క్‌లో ఒకావిడ తగిలింది. పేరు రోజలీ ఎడ్జ్. ఆమె పైలట్ కాదు, పక్షి శాస్త్రవేత్త కూడా కాదు. ఆమె గద్దల కోసం నడుం కట్టే నాటికి అమెరికాలో గద్దని చంపితే ప్రభుత్వమే డబ్బులిచ్చేది.

ముందు ఆ కొండ గురించి చెప్పాలి. అది తెలిస్తేనే మిగతా కథ అర్థమవుతుంది.

పెన్సిల్వేనియాలో కిట్టటినీ అని ఒక పొడవాటి కొండ వరస ఉంది. ఈశాన్యం నుంచి నైరుతికి గోడలా సాగిపోతుంది. శరదృతువులో చలిగాలుల ముందంజ ఒకటి దాటిపోగానే వాయవ్యం నుంచి గాలి వీస్తుంది. అంటే సరిగ్గా గోడకి అడ్డంగా. అడ్డం తగిలిన గాలికి పైకి లేవడం తప్ప వేరే దారి లేదు. దీన్నే రిడ్జ్ లిఫ్ట్ అంటాం. పారాగ్లైడర్ సెకనుకు ఒక మీటరు పైచిలుకు కిందికి దిగుతూ ఉంటుంది. గాలి అంతకన్నా జోరుగా పైకి లేస్తుంటే గ్లైడర్ దిగదు, అంతే లెక్క. డేగలకీ ఇదే లెక్క. కెనడా నుంచి, న్యూ ఇంగ్లాండ్ నుంచి దక్షిణానికి వలసపోయే డేగలు, గద్దలు ఈ లిఫ్ట్ పట్టుకుని మైళ్ళకి మైళ్ళు రెక్క కొట్టకుండా పోతాయి. చిక్కు ఏమిటంటే ఈ లిఫ్ట్ ఎక్కడపడితే అక్కడ ఉండదు, కొండ అంచుని ఆనుకుని ఒక సన్నటి పట్టీలా ఉంటుంది. కాబట్టి ఏ రోజు గాలి మారితే ఆ రోజు, ఒకే దారిలో, కొండ కొన మీద బండరాళ్ళపై కూర్చున్న మనిషి కళ్ళ ఎత్తున అవి పోవాల్సిందే. వాటికి రోడ్డు ఎంత సులువో తుపాకీవాడికి గురి అంత సులువు.

ఆ బండరాళ్ళ మీద అదే జరిగేది. శని, ఆదివారాలు జనం కార్లేసుకుని వచ్చి వందల్లో డేగల్ని కాల్చి పడేసేవాళ్ళు. తినడానికి కాదు, అమ్మడానికి కాదు. అవి కోళ్ళని ఎత్తుకుపోతాయి, వేటగాళ్ళు కొట్టుకోవాల్సిన పిట్టల్ని తినేస్తాయి, అందుకని చెడ్డ పక్షులు. అంతటితో సరి. 1929లో పెన్సిల్వేనియా రాష్ట్రం గోషాక్ అనే డేగ తలకి 5 డాలర్లు బహుమానం ప్రకటించింది. గాల్లో పోయేది గోషాకో మరొకటో తీరిగ్గా చూసుకుని కాల్చేవాడెవడు?

రోజలీ ఇదంతా తెలియని లోకంలో పుట్టింది. 1877 నవంబరులో న్యూయార్క్‌లో, కలిగినవాళ్ళింట్లో. అసలు పేరు మేబెల్ రోజలీ బారో. 1909లో చార్లెస్ నోయెల్ ఎడ్జ్ అనే బ్రిటిష్ సివిల్ ఇంజనీరుని జపాన్‌లోని యోకొహామాలో పెళ్ళాడింది. కొన్నేళ్ళు భర్త ఉద్యోగం వెంట ఆసియాలో తిరిగింది. తిరిగొచ్చాక మహిళల ఓటుహక్కు ఉద్యమంలో పడింది. కరపత్రం రాయడం, సభలో లేచి నిలబడి ప్రశ్న అడగడం, అవతలివాళ్ళు నవ్వినా కూర్చోకపోవడం, ఇవన్నీ అక్కడే నేర్చుకుంది. న్యూయార్క్ రాష్ట్రంలో ఆడవాళ్ళకి 1917లో ఓటు వచ్చింది, 1920లో దేశమంతటా వచ్చింది. తర్వాత కాపురం చెడింది. 1921లో భార్యాభర్తలు విడిపోయారు, విడాకులు మాత్రం తీసుకోలేదు. ఇద్దరు పిల్లలు.

నలభై దాటిన వయసులో, అలా ఒంటరైపోయిన రోజుల్లో ఆమె సెంట్రల్ పార్కులో పక్షుల్ని చూడ్డం మొదలుపెట్టింది. ఇందులో గొప్పేమీ లేదు. డబ్బుకి లోటు లేని నగరవాసికి అది ఒక కాలక్షేపం. తన కష్టాన్ని మరిచిపోవడానికి పక్షుల దగ్గరికి వెళ్ళిన మనిషి, తర్వాత పక్షుల కష్టాన్ని నెత్తినేసుకుందని మాత్రం చెప్పుకోవాలి.

1929 వేసవిలో ఆమె పారిస్ హోటల్లో ఉండగా పోస్టులో ఒక చిన్న పుస్తకం వచ్చింది. అమెరికన్ మ్యూజియంలో పనిచేసే విల్లార్డ్ వాన్ నేమ్, ఇంకో ఇద్దరు కలిసి రాసింది. పక్షుల్ని కాపాడాల్సిన సంఘాలే వేటగాళ్ళ మొహమాటానికి పోయి నోరు మూసుకు కూర్చున్నాయని దాని సారాంశం. అప్పట్లో పక్షుల రక్షణకి పెద్ద దిక్కు ఆడుబాన్ సంఘం. రోజలీ అందులో సభ్యురాలు కూడా. అక్టోబరు చివర్లో ఆ సంఘం వార్షిక సమావేశానికి పోయి, పుస్తకంలోని ఆరోపణలకు మీ జవాబేమిటని లేచి అడిగింది. సంఘం పెద్దలకి ఈ మనిషెవరో తెలియదు. జవాబు రాలేదు. మళ్ళీ అడిగింది. మళ్ళీ అడిగింది.

అప్పుడు పుట్టిందే ఎమర్జెన్సీ కన్సర్వేషన్ కమిటీ. పేరు వింటే పెద్ద ఆఫీసూ గుమాస్తాలూ ఉన్నట్టుంటుంది. నిజానికి రోజలీ, వాన్ నేమ్, ఇర్వింగ్ బ్రాంట్ అనే పాత్రికేయుడు, ముఖ్యంగా ఈ ముగ్గురే. మ్యూజియం వాళ్ళు వాన్ నేమ్‌ని ఇకమీదట అనుమతి లేకుండా ఇలాంటివి రాయొద్దని కట్టడి చేశారు. దాంతో కరపత్రాల మీద పేరు, తిట్లు తినే బాధ్యత, రెండూ రోజలీవి అయ్యాయి.

ఆడుబాన్ సంఘానికి లూసియానాలో ఒక సంరక్షణ కేంద్రం ఉండేది. అందులో మస్క్‌రాట్ అనే జంతువుల్ని ఇనుప ఉచ్చులతో పట్టించి, బొచ్చు అమ్ముకుని, ఆ డబ్బు సంఘం ఖాతాలో వేసుకునేవాళ్ళు. పక్షుల కోసం అని పేరున్న చోట ఇదీ తంతు. రోజలీ ఈ సంగతి సభ్యులందరికీ ఉత్తరాల ద్వారా చెప్తానంది. సంఘం సభ్యుల జాబితా ఇవ్వనంది. 1931లో కోర్టుకెక్కింది. అవతలి లాయరు ఆమెని గయ్యాళి అనే అర్థం వచ్చేలా దూషించాడు. ఆమె దాన్ని అవమానంగా కాదు, ప్రచారంగా వాడుకుంది. జాబితా గెలుచుకుని ఉత్తరాలు వేసింది. సభ్యులు వేలల్లో జారిపోయారు. సంఘాధ్యక్షుడు గిల్బర్ట్ పియర్సన్ 1934లో రాజీనామా చేశాడు.

ఇక్కడ నాకు కొంచెం ఇబ్బందిగా ఉంటుంది. పియర్సన్ చెడ్డవాడేం కాదు. ఆడవాళ్ళ టోపీల మీద ఈకల కోసం కొంగల్ని చంపే రోజుల్లో ఆ వ్యాపారాన్ని ఆపడానికి ఏళ్ళ తరబడి పోరాడినవాడు. రోజలీ అలాంటి పాత సేవల్ని లెక్కలోకి తీసుకునే రకం కాదు. సర్దుకుపోవడం అనే మాటే ఆమె దగ్గర లేదు. స్నేహితులకి కూడా ఆమెతో పనిచేయడం కష్టమయ్యేది. అయినా ఒకటి ఒప్పుకోవాలి, పాటపాడే పిట్టల్ని కాపాడడానికి ఊరంతా ముందుకొచ్చేది కానీ డేగకి దిక్కులేదు. పక్షి ప్రేమికుల్లోనే చాలామంది డేగని దొంగలా చూసేవాళ్ళు. మర్యాదగా అడిగితే ఎవరైనా వినేవాళ్ళా అంటే, ఏళ్ళ తరబడి మర్యాదగా అడిగినవాళ్ళూ ఉన్నారు, ఏమీ జరగలేదు.

కిట్టటినీ కొండ కథే దీనికి సాక్ష్యం. 1932 శరత్తులో రిచర్డ్ పౌ అనే యువకుడు ఆ కొండెక్కాడు. నేల మీద పడి ఉన్న డేగల్ని ఏరి వరసలుగా పేర్చి ఫొటోలు తీశాడు. 1933లో న్యూయార్క్‌లో పక్షి సంఘాల వాళ్ళ సమావేశంలో ఆ ఫొటోలు చూపించాడు. కొండ అమ్మకానికి ఉందని తెలిసింది. ఆడుబాన్ వాళ్ళు మేం చూస్తాం అన్నారు. ఏడాది గడిచింది, ఎవరూ చూడలేదు. ఆ సమావేశంలో కూర్చున్నవాళ్ళలో రోజలీ ఒకరు.

1934లో ఆమె నేరుగా యజమానితో మాట్లాడి దాదాపు 1,400 ఎకరాలు ఏడాదికి 500 డాలర్లకి లీజుకి తీసుకుంది. తర్వాత కొనుక్కునే హక్కు కూడా రాయించుకుంది. ఆ 500 కూడా వాన్ నేమ్ దగ్గర అప్పు. అమెరికా మొత్తం ఆర్థిక మాంద్యంలో ఉన్న కాలం అది. చెట్టు సరిగ్గా లేని, దున్నడానికి పనికిరాని కొండని అప్పు చేసి మరీ తీసుకుంటుంటే బేరం చేసినవాళ్ళు ఏమనుకున్నారో ఊహించుకోవచ్చు.

లీజు కాగితం తుపాకీని ఆపదు. కాబట్టి మారిస్ బ్రౌన్ అనే యువ పక్షిశాస్త్రజ్ఞుణ్ణి కాపలాగా పెట్టింది. అతనికి జీతం వద్దు, ఖర్చులిస్తే చాలన్నాడు. సెప్టెంబరులో అతనూ భార్య ఇర్మా వచ్చి దిగారు. అతను ప్రవేశం లేదని బోర్డులు కొట్టి కొండ మీద నిలబడ్డాడు, ఆమె రోడ్డు పక్కన కొండదారి మొదట్లో నిలబడింది. ఎన్నో ఏళ్ళుగా అక్కడ కాలుస్తున్నవాళ్ళు తుపాకులతో వచ్చి, వీళ్ళెవరు మనకి చెప్పడానికి అని గొడవకి దిగేవాళ్ళు. ఇర్మా బెదరకుండా వెనక్కి పంపేసేది. ఆ సీజను నుంచే ఆ కొండ మీద కాల్పులు ఆగిపోయాయి. చట్టం మారలేదు, రాష్ట్రం బహుమానం ఎత్తేయలేదు. ఉన్నదల్లా ఒక లీజు, ఇద్దరు మనుషులు. ప్రపంచంలో వేటపక్షుల కోసం ఏర్పడ్డ మొదటి రక్షణ స్థలం ఇలా మొదలైంది. దాని పేరు హాక్ మౌంటెన్, అంటే డేగల కొండ. 1938లో రోజలీ కొండని కొని ఒక సంఘం పేరున రాసిచ్చేసింది. చనిపోయేదాకా ఆ సంఘానికి అధ్యక్షురాలు.

బ్రౌన్ ఖాళీగా కూర్చోలేదు. తుపాకీవాళ్ళు కూర్చున్న బండ మీదే కూర్చుని పోయే ప్రతి డేగనీ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఏ జాతి, ఎన్ని, పెద్దదా పిల్లదా, అన్నీ. రెండో ప్రపంచయుద్ధం మధ్యలో మూడేళ్ళు తప్పిస్తే ఏటా ఆ లెక్క నడిచింది, ఇప్పటికీ నడుస్తోంది. మనలాంటివాళ్ళకి ఈ కథలో నిజంగా ఆసక్తికరమైన భాగం ఇదే. ఎందుకో తెలుసా? అతను ఏం వెతుకుతున్నాడో అతనికి తెలియదు. ఒకే చోట, ఒకే పద్ధతిలో కొలత తీసుకుంటూ పోయాడంతే.

ఇరవై ఏళ్ళ తర్వాత ఆ కొలత మాట్లాడింది. బాల్డ్ ఈగిల్‌కి తల, తోక తెల్లబడటానికి నాలుగైదేళ్ళు పడుతుంది, పిల్లలు ఒంటినిండా ముదురు రంగులో ఉంటాయి. దూరం నుంచే తేడా తెలుస్తుంది. 1935 నుంచి 1939 దాకా బ్రౌన్ చూసిన బాల్డ్ ఈగిల్స్‌లో 40 శాతం పిల్లలు. 1955 నుంచి 1959 దాకా అవి 20 శాతమే. 1957లోనైతే 32 పెద్దవాటికి ఒక్క పిల్ల. పెద్దవి ఎప్పట్లాగే ఎగురుతున్నాయి, గూళ్ళు కడుతున్నాయి. గూళ్ళలోంచి మాత్రం ఏమీ రావడం లేదు. రేచెల్ కార్సన్ 1940ల్లో ఆ కొండ చూసిన మనిషి. తన సైలెంట్ స్ప్రింగ్ పుస్తకంలో డీడీటీ మీద వాదనకి ఈ అంకెల్ని వాడుకుంది. డీడీటీ వల్ల గుడ్డు పెంకు పలచబడి పొదిగే తల్లి బరువుకే పగిలిపోతోందన్న సంగతి 1967 తర్వాత గానీ తేలలేదు. 1972లో అమెరికా డీడీటీని నిషేధించింది. 2007లో బాల్డ్ ఈగిల్ ప్రమాదంలో ఉన్న జాతుల జాబితా నుంచి బయటపడింది.

మన దగ్గర పశువుల మందు డైక్లోఫెనాక్ రాబందుల్ని ఇలాగే తుడిచిపెట్టింది. 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించేసరికి దేశమంతా అవి దాదాపు ఖాళీ అయ్యాయి. కొమరం భీం ఆసిఫాబాద్ జిల్లా పాలరాపు గుట్ట చరియల్లో పొడుగుముక్కు రాబందుల గూళ్ళు కనిపించినప్పుడు అదొక వార్త అయిందంటే కారణం అదే.

ఇప్పుడు పారాగ్లైడింగ్ దగ్గరికి వస్తాను. కాల్చడం లేదు, మందు చల్లడం లేదు, శబ్దం కూడా లేదు, మనవల్ల గద్దకి ఏం నష్టం అని చాలామంది అనుకుంటారు. నేనూ మొదట ఆ ప్రశ్నే వేసుకున్నాను. జవాబు మళ్ళీ ఆ సన్నటి పట్టీలోనే ఉంది. చరియ ముందు లిఫ్ట్ ఉంటుంది కాబట్టి పైలట్ అక్కడికి వస్తాడు, అదే చరియ అరుగు మీద గోల్డెన్ ఈగిల్ గూడు ఉంటుంది. వలసపోయే పక్షి కావాలంటే పక్కకి తప్పుకుంటుంది. గూడు తప్పుకోలేదు. పైగా గద్ద కంటికి మన కానోపీ, రెక్క ఆడించకుండా తన హద్దులో తిరుగుతున్న మరో పెద్ద గద్దలా ఉంటుంది. శబ్దం లేకపోవడం ఇక్కడ మంచి గుణం కాదు, అది దగ్గరికొచ్చేదాకా తెలియనివ్వదు. తల్లి గూడు వదిలి లేస్తుంది. ఆరు వారాలు పొదగాల్సిన గుడ్లు చల్లబడతాయి. లేదా ఇంకా ఈకలు రాని పిల్లలు ఎండకో చలికో దొరికిపోతాయి. పైలట్ పది నిమిషాల్లో వెళ్ళిపోతాడు, వెనకాలే ఇంకొకడు వస్తాడు. గుడ్డు పెంకు పలచబడి పోయినా, తల్లి లేచిపోయి పోయినా, కొండ మీద లెక్క రాసుకునేవాడికి కనిపించేది ఒకటే. ఆ ఏడు పిల్ల లేదు.

అందుకే తెలిసిన పైలట్లు గూళ్ళు ఎక్కడున్నాయో స్థానికుల్ని ముందే అడుగుతారు. చరియకి దూరంగా, లోయ వైపు జరిగి పోతారు, గూటి పైన చక్కర్లు కొట్టరు. గద్ద పైకి లేచి రెక్కలు ముడిచి కిందికి దూకి మళ్ళీ పైకి లేస్తూ, గాలిలో దండలు అల్లుతున్నట్టు ఎగిరితే అది విన్యాసం కాదు, హెచ్చరిక. ఫోన్ తీసి వీడియో తీసుకునే సమయం కాదది. లిఫ్ట్ ఎంత బాగున్నా వదిలేసి పోవాలి. ఇందులో కష్టమంతా ఆ చివరి మాటలోనే ఉంది. దిగిపోయే ప్రమాదం ఉన్నప్పుడు మంచి లిఫ్ట్ వదులుకోవడం ఎవరికీ ఇష్టం ఉండదు.

అమెరికాలో ఈ దూరాల వెనక ఉన్న చట్టం 1940 నాటి బాల్డ్ ఈగిల్ రక్షణ చట్టం. దానికి పదేళ్ళ ముందే రోజలీ కమిటీ ఆ పక్షి గురించి కరపత్రం వేసింది. ఆ లోపలే ఒలింపిక్ నేషనల్ పార్కు కోసం, యోసెమిటీ పక్కన 8,000 ఎకరాల షుగర్ పైన్ చెట్ల కోసం కూడా పోట్లాడింది, రెండూ గెలిచింది. అవి వేరే వ్యాసానికి సరిపోయేంత కథలు. బాల్డ్ ఈగిల్ చట్టంలోకి గోల్డెన్ ఈగిల్‌ని చేర్చింది 1962 అక్టోబరులో. అప్పటికి రోజలీకి 85 నిండబోతున్నాయి.

అదే నవంబరులో టెక్సస్‌లోని కార్పస్ క్రిస్టీలో ఆడుబాన్ వార్షిక సమావేశం జరిగింది. ఆమెని ఎవరూ పిలవలేదు. అయినా వెళ్ళింది. ముప్పై ఏళ్ళ కిందట తమని కోర్టుకీడ్చిన మనిషి వచ్చిందని తెలిసి నిర్వాహకులు కొంచెం కంగారు పడ్డారు కూడా. అప్పటి అధ్యక్షుడు కార్ల్ బుహైస్టర్ ఆమెని చెయ్యి పట్టి వేదిక మీదికి తీసుకెళ్ళి కూర్చోబెట్టాడు. సభ మొత్తం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఈసారి ఆమె ఏ ప్రశ్నా అడగాల్సిన పని పడలేదు.

కొద్ది వారాలకే, నవంబరు 30న, న్యూయార్క్‌లో చనిపోయింది. కిట్టటినీ మీద గోల్డెన్ ఈగిల్స్ దక్షిణానికి పోయేది ఆ నెలలోనే. పోయినవాటిని బ్రౌన్ ఆ సంవత్సరం పుస్తకంలో రాసుకున్నాడు.